ఒక వేలు లూజు

సెప్టెంబరు 8, సోమవారం

కొలతల పుస్తకాన్ని తిరగేసి వెనక పేజీ నుంచి మొదలుపెట్టాను. ముందు వైపంతా ఊళ్లోవాళ్ల నడుములూ భుజాలూ. ఈ వైపు నా మోకాలు.

నాలుగో తేదీన అటక మీద నుంచి లైనింగు గుడ్డ తాను దించుతున్నాను. నిచ్చెన మెట్లు అయిపోయాయనుకుని కాలు నేలకి వేశాను. ఇంకో మెట్టు ఉంది. మోకాలు ఒక వైపు తిరిగింది, నేను ఇంకో వైపు తిరిగాను. తాను మాత్రం నలగకుండా బల్ల మీద పడింది. ఇరవై ఎనిమిదేళ్లుగా ఎక్కి దిగుతున్న నిచ్చెన. మెట్లు ఐదే. లెక్క రాక కాదు, పరధ్యానం.

ఈరోజు స్కాన్ చూపించింది డాక్టరమ్మ. చిన్నపిల్ల, ఎడమచేతి వాటం, మాట నిదానం.

"మోకాలి లోపల ఎముకల మీద మెత్తటి పూత ఉంటుంది, మీరంతా గుజ్జు అంటారే, అది. అందులో గోరంత ముక్క లేచిపోయింది."

"అయితే ఇక కుంటిదాన్నేనా?" అన్నాను.

"అదేం లేదు. అలాంటి ముక్క లేచిపోయినవాళ్లు బయట హాయిగా తిరుగుతుంటారు. కొందరికి తెలియను కూడా తెలియదు. దెబ్బ ఎంత అనేది ఒక సంగతి, లోపల వాపు ఎంత అనేది ఇంకో సంగతి. మిమ్మల్ని ఎక్కువగా ఏడిపిస్తున్నది ఆ రెండోది. నీరు చేరింది, మంటగా ఉంది. అది దిగితే నొప్పీ పట్టేయడమూ కూడా దిగుతాయి. దిగుతోందో లేదో మీరే నాకు చెప్పాలి."

చెప్పడానికి ఒక కార్డు ఇచ్చింది. రోజూ పొద్దున మంచం దిగకముందు మోకాలి చిప్ప పై అంచున చుట్టుకొలత, పక్కన నొప్పికి పదికి ఎన్ని మార్కులు. ఎక్కడ కొలవాలో పెన్నుతో గీత గీసింది. ఈరోజు తనే కొలిచింది. జబ్బు మోకాలు 41, మంచిది 37.5. సెంటీమీటర్లట. నేను బుద్ధెరిగినప్పటి నుంచీ అంగుళాల మనిషిని. ఇక టేపు వెనక్కి తిప్పి చదవాలి.

39కి దిగితే పూటకి రెండు గంటలు నిలబడొచ్చు. అందాకా నిలబడటం లేదు, నిచ్చెన లేదు, మిషను తొక్కడం లేదు. కుర్చీ, దిండు, ఐసు.

"కొలవడం వచ్చు కదా?" అంది డాక్టరమ్మ. చెల్లి మొహం పక్కకి తిప్పుకుని నవ్వింది.

బయటికొచ్చాక ఒక్కటే అడిగింది. "నెలాఖరుకి తగ్గుతుందా అక్కా?"

నెలాఖరు ఎందుకంటే, ఎనిమిది గంటల రైలు ప్రయాణం దూరంలో ఉన్న కుట్టుపని నేర్పే సంస్థలో దానికి టీచరు పోస్టు వచ్చింది. ఒకటో తేదీన చేరాలి. ఆ ఉత్తరం వచ్చింది కూడా నాలుగో తేదీనే, పొద్దుటి టపాలో.

సెప్టెంబరు 9

42.5. నొప్పి 7.

ఒక్క రోజులో ఒకటిన్నర పెరిగింది. చెల్లి కార్డు చూసింది. టీ గ్లాసు పెట్టేసి వెళ్లింది.

సెప్టెంబరు 11

42.5. నొప్పి 7.

కత్తెర చెల్లికి ఇచ్చాను. స్కూలు బ్యాండు పిల్లలకి ఇరవై రెండు కోట్లు ఒప్పుకుని ఉన్నాం, ఎవరో ఒకరు కత్తిరించాలి.

పన్నెండేళ్ల క్రితం పెళ్లి పొసగక పెట్టె పట్టుకుని తిరిగొచ్చినప్పుడు దాన్ని మిషను ముందు కూర్చోబెట్టాను. నేను కత్తిరించడం, అది కుట్టడం. అప్పటి నుంచీ అంతే. అది కత్తెర అడగలేదు, నేను ఇవ్వలేదు. అడగలేదని రాశాను కానీ, ఒకసారి అడిగింది. "గుడ్డ పాడు చేస్తే నువ్వు తెచ్చిస్తావా?" అన్నాను. అప్పటికి దానికి ముప్పై దాటింది.

సెప్టెంబరు 14

42. నొప్పి 7.

పక్క షాపు తాళాల బాబాయ్ పరామర్శకి వచ్చాడు. మోకాలికేసి అరిగిన తాళంచెవిని చూసినట్టు చూశాడు.

"బిగుసుకుంటే నూనె వెయ్యాలి గానీ ఐసు పెడతారా ఎవరన్నా?"

"నీ తాళాలకి నొప్పుండదు కదా బాబాయ్."

"నా తాళాలకి చెల్లెళ్లు కూడా ఉండరమ్మా. అదృష్టవంతురాలివి. కూర్చున్నచోటికే అన్నీ వస్తున్నాయి."

పోతూ పోతూ చెల్లితో అన్నాడు. "నువ్వు గనక లేకపోతే మీ అక్క పనైపోయేది." చెల్లి దారం కొరుకుతోంది, తలెత్తలేదు. నేను మాత్రం ఆయన ఇంకో రెండుసార్లు ఆ మాట అంటే బాగుండుననుకున్నాను.

సెప్టెంబరు 18

42. నొప్పి 6.

సెప్టెంబరు 22

41.5. నొప్పి 6.

కోట్లు కత్తిరించడం అయింది. నేను కుర్చీలో కాలు చాపుకుని చూస్తూ కూర్చున్నాను. ఇరవై రెండూ వంక పెట్టడానికి లేకుండా ఉన్నాయి. చంక దగ్గర నేను వదిలే దానికన్నా తక్కువ లూజు వదిలింది, అయినా కుట్టిన ఒకటి వేసి చూస్తే చెయ్యి ఎత్తినా కోటు పైకి లేవడం లేదు. తుక్కు గుడ్డ కూడా నాకు మిగిలేదానిలో సగమే మిగిలింది.

"ఎవరు నేర్పారు?" అన్నాను.

"పన్నెండేళ్లు నీ వెనకే కూర్చున్నా కదక్కా."

ఒళ్లు మండింది. ఎందుకో తెలియదు. బాగుందని చెప్పడానికి సాయంత్రం దాకా పట్టింది. చెప్పాక అది చిన్నపిల్లలా మొహమంతా నవ్వింది. అప్పుడు ఇంకా చిరాకేసింది.

సెప్టెంబరు 26

41. నొప్పి 6.

కార్డు ఫొటో తీసి క్లినిక్కుకి పంపాం. దిగుతోంది గానీ చాలా నిదానంగా ఉంది, ఇంకో రెండు వారాలు కదలొద్దు అని జవాబు వచ్చింది. చెల్లి వీధిలోకి వెళ్లి ఫోను మాట్లాడి వచ్చింది. సంస్థవాళ్లు పదిహేనో తేదీ దాకా ఆగుతామన్నారట.

నేనేమీ ఆగమని అడగలేదు. ఇక్కడ రాసి పెడుతున్నాను. ఒక్క మాట కూడా అడగలేదు.

సెప్టెంబరు 30

40.5. నొప్పి 6.

అక్టోబరు 1

40.5. నొప్పి 6.

ఈరోజు అది అక్కడ చేరాల్సిన రోజు. పొద్దున్నే లేచి తలంటుకుని, ఉతికిన బట్టలు కట్టుకుని, వచ్చి ఎప్పటిలాగే మిషను ముందు కూర్చుంది. మధ్యాహ్నం దాకా కుడుతూనే ఉంది. నేను రేడియో పెట్టాను.

అక్టోబరు 4, శనివారం

40.5. నొప్పి 6.

రిటైరైన పోస్టుమాస్టరు గారు ప్యాంట్లకి కొలతలివ్వడానికి వచ్చారు. ఏడాదికి రెండు జతలు, పదిహేనేళ్లుగా. ఆయన దగ్గర నాకో పద్ధతి ఉంది. నడుము కొలిచి పైకి ఒక అంగుళం తగ్గించి చదువుతాను, పుస్తకంలో మాత్రం ఉన్నది రాస్తాను. ఆయన పొట్ట తడుముకుని, నడక పని చేస్తోందమ్మా అని సంతోషంగా వెళ్తారు. ప్యాంటు సరిపోతుంది. ఎవరికీ నష్టం లేదు.

ఈసారి కొలిచింది చెల్లి. "ముప్పై తొమ్మిదిన్నర" అని వీధిలోకి వినబడేలా చదివింది. ఆయన మొహం వాడిపోయింది.

"మీ అక్క టేపే మంచిదమ్మా" అన్నారు.

ఆయన వెళ్లాక మందలిద్దామని పిలిచాను. కానీ నాకు కావలసింది వేరే. అది కొలుస్తున్నంతసేపూ ఏదో తేడాగా అనిపించింది, ఏమిటో పట్టుబడలేదు.

"నడుము దగ్గర నీ వేలేదీ?" అన్నాను.

"ఏ వేలు?"

"టేపు కింద వేలు పెట్టాలి కదే. లేకపోతే లూజెక్కడిది?"

"నేను పెట్టనక్కా. ఒళ్లు ఎంతుందో అంతే రాసుకుంటా. లూజు తర్వాత కాగితం మీద కలుపుతా. వేలు పెడితే ఒంటి కొలత ఎంతో, లూజు ఎంతో మనకే తెలియదు కదా."

నేను వేలు పెడతాను. ఇరవై ఎనిమిదేళ్లుగా పెడుతున్నాను. చూపుడు వేలు, టేపుకీ మనిషికీ మధ్య. ఎవరూ చెప్పనక్కర్లేదు, టేపు పట్టుకుంటే దానంతటదే వెళ్లి కూర్చుంటుంది. బట్టకి కొలతంటే అంతే మరి.

చెల్లి నా మొహంలోకి చూసి "ఏంటక్కా?" అంది. ఏం లేదన్నాను.

అక్టోబరు 5

పొద్దున తలుపు దగ్గరికి వేసి కొలిచాను.

ముందు మంచి మోకాలు, నా పద్ధతిలో. 39. మంచి మోకాలు ఎందుకు వాస్తుంది? డాక్టరమ్మ కొలిచినప్పుడు 37.5. వేలు తీసి మళ్లీ కొలిచాను. 37.5.

జబ్బు మోకాలు, వేలు తీసి. 39.

మళ్లీ కొలిచాను. 39.

అంటే మొదటి రోజు పెరిగిన ఒకటిన్నరా వేలే. వాపు నెలాఖరుకే దిగిపోయింది. నిలబడొచ్చని డాక్టరమ్మ చెప్పిన అంకె ఇదే.

కార్డులో 40.5 అని రాశాను. ఇన్నాళ్లూ ఒక పద్ధతిలో రాసి మధ్యలో మార్చేస్తే డాక్టరమ్మకి అయోమయంగా ఉంటుంది. అన్నీ ఒకే రకంగా ఉండాలి. కొలతల్లో ముఖ్యం అదే.

అక్టోబరు 6

40.5. నొప్పి 6.

అక్టోబరు 7

40.5. నొప్పి 6.

అక్టోబరు 8

40.5. నొప్పి 6.

నొప్పి మాత్రం నిజం. దానికి టేపు లేదు కదా, ఎవరూ కొలవలేరు. ఈరోజు కొరియర్ వాడు పిలిస్తే వీధి మెట్లు నాలుగూ దిగి సంతకం పెట్టి వచ్చాను. వచ్చి కూర్చున్నాక గుర్తొచ్చింది, నాకు మోకాలు బాగాలేదని. అంటే నొప్పి తెలియలేదు. కానీ కూర్చోగానే తెలిసింది. ఆరు. ఐదున్నర అనుకుందాం. కార్డులో నొప్పికి సగాలు రాయడానికి గడి లేదు.

అక్టోబరు 10

40.5. నొప్పి 6.

క్లినిక్కు నుంచి ఫోను. పది రోజులుగా అంకె కదలడం లేదు కనక సూదితో నీరు తీసి పరీక్షకి పంపుతారట. పదహారో తేదీన రమ్మన్నారు.

చెల్లి మళ్లీ వీధిలోకి వెళ్లింది. ఈసారి చాలాసేపు మాట్లాడింది. కిటికీలోంచి వీపు మాత్రం కనబడుతోంది. ఒకసారి వంగి చెప్పులో రాయేదో తీసుకుంది. లోపలికొచ్చి చెప్పింది.

"ఇరవయ్యో తేదీ సోమవారం. అదే ఆఖరట. రాకపోతే తర్వాతి పేరుని పిలుస్తారట."

"వెళ్లిపో మరి" అన్నాను.

"సూది పొడుస్తుంటే నిన్నొదిలేసి ఎట్లా పోను?" అంది.

వేలు సంగతి అప్పుడే చెప్పాల్సింది. ఆ నిమిషంలో నోటిదాకా వచ్చింది కూడా. కుక్కరు కూత వేసింది, అది లోపలికి వెళ్లింది. కుక్కరు మీద నెపం పెట్టడం కాదు. కూత ఆగాక కూడా చెప్పలేదు.

అక్టోబరు 12

40.5. ఆరు.

మోకాలికి సూది అంటే భయమా అని తాళాల బాబాయ్ అడిగాడు. రోజుకి వంద సూదులు చూసేదాన్ని, సూదికేం భయం అన్నాను.

అక్టోబరు 13

40.5.

అక్టోబరు 14

40.5.

అక్టోబరు 15

రాయలేదు.

అక్టోబరు 16, గురువారం

డాక్టరమ్మ సూది సిద్ధం చేయించి, దానికి ముందు తన టేపుతో కొలిచింది. ఆగింది. మళ్లీ కొలిచింది. రెండు చేతులతో చిప్ప పక్కన నొక్కి చూసింది.

"ముప్పై ఎనిమిదిన్నర. తీయడానికి నీరేదండీ ఇక్కడ?" అంది. "ఈ కార్డులో మొన్నటి వరకు నలభైన్నర ఉంది."

"నా టేపు పాతదండీ" అన్నాను. ఎంత తేలిగ్గా వచ్చిందో ఆ మాట.

డాక్టరమ్మ చెల్లి వైపు చూసింది.

"అవునండీ. పాతది" అంది చెల్లి.

డాక్టరమ్మ సూది పక్కన పెట్టేసి, వాపు దిగినందుకు సంతోషమంది. కొన్ని వ్యాయామాలు చూపించింది. పూటకి రెండు గంటలు నిలబడొచ్చు, అంతకు మించొద్దు, ముక్క లేచిన చోటు అట్లాగే ఉంది, అలిసిపోతే నీరు మళ్లీ చేరుతుంది, చేరితే వెంటనే రావాలి అని రెండుసార్లు చెప్పింది. కొత్త టేపు కొనుక్కోమంది.

బస్సు దిగి వచ్చాక చెల్లి షాపు తలుపు తీసి, లైటు వేసి, మిషను మీద కప్పిన గుడ్డ తీసి మడతపెట్టి, అప్పుడంది.

"ఆ టేపు జూన్‌లో నేను తెచ్చానక్కా."

"మరి నువ్వే అవునన్నావు కదా."

"పరాయివాళ్ల ముందు నిన్ను అబద్ధాలకోరుని చెయ్యమంటావా?"

నేను కుర్చీ కోసం చూశాను. అది ఇవ్వలేదు. నిలబడే ఉన్నాను.

"వేలు" అంది. "రోజూ పొద్దున టీ తెస్తూ చూస్తూనే ఉన్నా. నేనూ దర్జీనే. నాకు కనబడదనుకున్నావా?"

"ఎప్పట్నుంచి?"

"రెండో వారం నుంచి. మొదట అలవాటులే, నీకు తెలీదులే అనుకున్నా. పోస్టుమాస్టరు గారు వచ్చిన రోజు నీ మొహం చూశా. నీకు తెలిసిపోయిందని అర్థమైంది. మర్నాడు కార్డు చూశా. నలభైన్నర."

"అప్పుడైనా అడగొచ్చు కదా."

"నువ్వే వేలు తీస్తావేమోనని చూశా. పదకొండు రోజులు చూశానక్కా."

తప్పు నాదైనప్పుడు నేను చేసే పని ఒకటుంది, ఎదురు తిరగడం. "రెండో వారమే తెలిస్తే రెండో వారమే ఎందుకు చెప్పలేదు? ఒకటో తేదీకే పోయేదానివిగా?" అని అరిచాను.

అది స్టూలు మీద కూర్చుంది. చిన్నగా అంది.

"నాకూ పనికొచ్చింది నీ వేలు. ముప్పై మంది ముందు నిలబడి పాఠం చెప్పాలంటే ధైర్యం చాల్లేదు. అక్కకి బాగాలేదు, అందుకే రాలేకపోతున్నా అంటే ఎవరూ ఏమీ అనరు కదా."

ఇద్దరం ఒకే మోకాలి చాటున దాక్కున్నామన్నమాట. నాకు నవ్వొచ్చింది. దానికి రాలేదు.

"నువ్వెందుకు చేశావ్?" అంది.

చెప్పాను. అది వెళ్తే ఈ షాపులో, ఆ వెనక గదిలో, నేనొక్కదాన్నే. నాకు నలభై తొమ్మిదేళ్లు, దాంతో ఉన్నన్నేళ్లు నేను ఇంకెవరితోనూ ఉండలేదు. భయమేసింది. ఈ మాట రాయడం కన్నా దాని మొహం చూస్తూ చెప్పడం కష్టమయింది, అయినా చెప్పాను. నువ్వు వెళ్లు అని కూడా చెప్పాను.

"వెళ్తాను" అంది. "నువ్వు వెళ్లమన్నావని కాదు."

అక్టోబరు 17

38.5. వేలు లేకుండా. నొప్పి 2.

అక్టోబరు 19

పొద్దుటి రైలుకి వెళ్లింది. స్టేషనుకి వస్తానంటే మెట్లెక్కొద్దంది. ఆటో ఎక్కేముందు బల్ల దగ్గరికొచ్చి నా కత్తెర చేతిలోకి తీసుకుని, బరువు చూసి, అక్కడే పెట్టేసింది. తీసుకుపొమ్మన్నాను. అక్కడ సంస్థవాళ్లే ఇస్తారట. ఎడమ చెయ్యి ఊపింది, కుడి చేతిలో పెట్టె ఉంది. తాళాల బాబాయ్ నాకన్నా ముందు ఏడ్చాడు.

అక్టోబరు 20

38.5. నొప్పి 2.

చేరిందట. ముప్పై మంది కాదు, ముప్పై ఆరుగురట. మొదటి గంట గొంతు పెగల్లేదట. రెండో గంటలో ఒక పిల్ల టేపు తలకిందులుగా పట్టుకుంటే తిట్టిందట, అప్పుడు గొంతు వచ్చిందట. రోజూ ఎనిమిదిన్నరకి, క్లాసుకి వెళ్లేముందు ఫోను చేస్తానంది.

అక్టోబరు 24

38.5. నొప్పి 2.

కత్తిరించేదీ నేనే, కుట్టేదీ నేనే, తలుపు తీసేదీ నేనే. పూటకి రెండు గంటలంటే ఏ పనీ తెమలదు. మూడు చేశాను.

అక్టోబరు 28

39. నొప్పి 3.

నర్సుల కోట్లు నలభై వచ్చాయి. మొన్నటి బ్యాండు కోట్లు చూసి ఇచ్చారు. అవి కత్తిరించింది నేను కాదని చెప్పలేదు.

నవంబరు 1

39.5. నొప్పి 4.

ఫోనులో "ఎంత?" అంది. ముప్పై ఎనిమిదిన్నర అన్నాను. దాని గొంతు అంత హుషారుగా ఉంటే ఏం చెప్తాను? పిల్లల చేత మొదటిసారి గౌను కత్తిరింపించిందట.

ఇదివరకు ఎక్కువ చెప్పాను, ఇప్పుడు తక్కువ చెబుతున్నాను. సరికి సరి.

నవంబరు 3

39.5. నేను చెప్పింది 38.5.

నవంబరు 5

40. నొప్పి 5. చెప్పింది 38.5.

ఎనిమిది గంటలు నిలబడ్డాను. నర్సులు ఆదివారానికి కావాలన్నారు.

నవంబరు 7

40.5. చెప్పింది 38.5.

"గొంతు అలా ఉందేంటక్కా?" అంది. జలుబన్నాను. క్లినిక్కుకి ఫోను చేద్దామని నంబరు తీసి, నలభై కోట్లూ ఇచ్చేశాక చేద్దామని పెట్టేశాను.

నవంబరు 9, ఆదివారం

41.

కోట్లు ఇచ్చేశాను. ఇచ్చాక బల్ల చుట్టూ తిరగబోతే మోకాలు పట్టేసింది. ముందుకి రాదు, వెనక్కి పోదు. బల్ల అంచు పట్టుకుని ఒంటికాలి మీద అరగంట నిలబడ్డాను. పిలిస్తే తాళాల బాబాయ్ వచ్చి కుర్చీ వేశాడు.

"చిన్నదానికి ఫోను చేస్తానుండు" అన్నాడు. "నువ్వు చెయ్యకు" అన్నాను. ఆయన మొహం గంటు పెట్టుకున్నాడు. "నేను చేస్తాను" అన్నాను.

కూర్చున్నాక ఆలోచించాను. చెబితే అది వచ్చేస్తుంది. అది వచ్చేస్తే నాకు సంతోషంగా ఉంటుంది, అది నాకు బాగా తెలుసు. చెప్పకపోతే నేను మంచిదాన్నవుతాను, అది బాగుంటుంది, మోకాలు పోతుంది. ఈ రెండు తప్ప మూడోది ఉందని నాకు ఇన్నాళ్లూ తోచలేదు. చెబుతూనే ఉండి రానివ్వకపోవడం. చెయ్యగలనో లేదో తెలియదు.

నవంబరు 10, సోమవారం

41. నొప్పి 7.

ముందు క్లినిక్కుకి ఫోను చేశాను. రేపు తొమ్మిదింటికి రమ్మన్నారు. తర్వాత అట్టముక్క మీద "రెండు వారాలు షాపు సెలవు" అని రాసి బాబాయ్ చేత తలుపుకి కట్టించాను. ఈ షాపుకి ఇంతకు ముందు అంత సెలవు లేదు. ఆయన ముడి వేస్తూ నా వైపు రెండుసార్లు చూశాడు, నిజంగానేనా అన్నట్టు. అంతలో ఎనిమిదిన్నర అయింది.

"ఎంత?" అంది.

"నలభై ఒకటి."

అవతల పిల్లల గోల, మిషన్ల చప్పుడు. అది ఏ గదిలోకో వెళ్లి తలుపు వేసుకుంది. చప్పుడు తగ్గింది.

"ఎన్నాళ్ల నుంచి?"

"ఇరవై ఎనిమిదో తేదీ నుంచి పెరుగుతోంది. నీకు అబద్ధం చెప్పాను. రోజూ ఎనిమిది గంటలు నిలబడ్డాను. నిన్న పట్టేసింది."

నిజంగా నలభై ఒకటేనా అని అడుగుతుందనుకున్నాను. అడగడానికి దానికి హక్కుంది. అడగలేదు.

"మధ్యాహ్నం రైలు ఉంది" అంది. "బయల్దేరనా?"

నా నోట్లో ఊ అనే మాట సిద్ధంగా ఉంది. దాన్ని మింగడానికి కొంచెంసేపు పట్టింది.

"వద్దు. నువ్వు రావాలని చెప్పడం లేదే. నీకు తెలియాలని చెప్తున్నా. రేపు తొమ్మిదింటికి డాక్టరమ్మ దగ్గరికి వెళ్తున్నా, బాబాయ్ తోడొస్తాడు. షాపు రెండు వారాలు మూసేశా. ఏం చెప్పిందో రేపు నీకు చెప్తా, ఉన్నదున్నట్టు."

అటు గంట మోగింది.

"చాలా నొప్పిగా ఉందా అక్కా?"

"చాలా నొప్పిగా ఉంది."

"సరే" అంది. మళ్లీ, "సరే అక్కా. క్లాసుకి వెళ్తున్నా" అంది. పెట్టేసింది.

వెళ్లింది. రాదు. రావద్దని నేనే చెప్పాను, నిజంగానే చెప్పాను. అయినా ఫోను చేతిలో పట్టుకుని, మళ్లీ మోగుతుందేమోనని తొమ్మిదిన్నర దాకా కూర్చున్నాను. మోగలేదు. ఏడ్చాను. తర్వాత కాలు దిండు మీద పెట్టుకుని ఐసు పెట్టుకున్నాను.